నూకయ్య తెప్పకి ఎడమ కన్ను

భావనపాడులో ఫైబర్ పడవలొచ్చి ఎన్నేళ్ళయినా వాటినింకా తెప్పలనే అంటారు. ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా చేపలు గుడ్లు పెట్టుకునే కాలమని సర్కారు వేట ఆపిస్తుంది. ఆ రోజుల్లో ఊరి తెప్పలన్నీ ఇసుక మీదికెక్కి, ఒడ్డు పొడుగునా పక్కకి తిరిగి వరసగా పడుకుంటాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు, పేకాడుకుంటారు, ఒకళ్ళనొకళ్ళు ఎత్తిపొడుచుకుంటారు. తెప్పలకి మాత్రం కొత్త రంగులు పడతాయి. ఆ రంగులేసేవాడు శివాజీ.

పేరు విని గుర్రమూ కత్తీ ఊహించుకోనక్కర్లేదు. నలభై దాటిన సన్నటి మనిషి, మెడ మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు మరక. వేటకెళ్ళే ఇంట్లోనే పుట్టాడు గానీ చిన్నప్పటి నుంచీ తెడ్డు మీద కన్నా కుంచె మీదే మనసు. ఒకప్పుడు రోజుకో తెప్ప పూర్తి చేసేవాడు. ముక్కు దగ్గర మొదలెట్టి ఇంజను దగ్గర ఆగేవాడు. మధ్యలో ఒడ్డున నిలబడే ఇంత అన్నం తినేవాడు. తెప్ప పొడుగునా ఒకే ఒక్క కోనాం చేప వేసేవాడు. దాని వీపు మీది నీలం పొట్ట దగ్గరి వెండిరంగులోకి ఎక్కడ కలిసిందో చెప్పమంటే ఎవరూ చెప్పలేకపోయేవాళ్ళు. అందులో రహస్యమేమీ లేదు. ఆయిల్ పెయింటు తడారకముందే ఒకదాన్లో ఒకటి కలిపెయ్యాలి. మధ్యలో ఆగి బీడీ వెలిగించినా అతుకు కనిపిస్తుంది. అందుకని శివాజీ ఆగేవాడు కాదు.

ముక్కుకి రెండు పక్కలా కళ్ళు మాత్రం చివర్న. కళ్ళు లేని తెప్ప అక్కడ నీళ్ళలోకి దిగదు. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఒక కన్ను పెట్టినవాడే రెండోదీ పెట్టాలి. చెయ్యి మారిందంటే తెప్ప ఒక కంటితో ఒడ్డునీ, ఇంకో కంటితో సముద్రాన్నీ చూసుకుంటూ దారి తప్పుతుందట. నిజమా అని పరీక్షించిన మొనగాడు ఊళ్ళో ఇంతవరకూ లేడు.

కరోనా రెండోసారి పల్లె మీద పడ్డప్పుడు శివాజీకీ వచ్చింది. జ్వరం తగ్గింది, లేచాడు, గంజి తాగాడు, గట్టెక్కాడనుకున్నారు. తీరా ఒక తెప్పకి రంగేసి వచ్చిన మర్నాడు మంచం దిగలేకపోయాడు. జ్వరమూ లేదు, నొప్పీ లేదు. కాళ్ళలో తడి ఇసుక నింపినట్టు బరువు. అన్నం కలిపి ముద్ద నోటి దాకా ఎత్తడం ఒక పెద్ద పనైపోయింది. నాలుగు రోజులకి తేరుకుని మళ్ళీ కుంచె పట్టాడు, మళ్ళీ పడ్డాడు. అలా ఏళ్ళు గడిచాయి.

శ్రీకాకుళంలో రక్తం తీశారు, ఫోటోలు తీశారు, అన్నీ బాగానే ఉన్నాయన్నారు. అన్నీ బాగున్న మనిషి పగటిపూట మంచం మీద ఉండడం కన్నా పెద్ద నేరం పల్లెలో లేదు. తల్లి గురమ్మ దిష్టి తీసింది, శ్రీకూర్మం తీసుకెళ్ళి దణ్ణం పెట్టించింది. ఆ బస్సు ప్రయాణానికే మళ్ళీ మంచం పట్టాడు. దేవుడికి సంగతి తెలిసే ఉంటుంది గానీ ఆయన చెప్పలేదు. ఊరివాళ్ళు మాత్రం చెప్పారు. అందరికన్నా గట్టిగా చెప్పినవాడు నూకయ్య. శివాజీ భార్య అనూరాధకి సొంత అన్న, వేటలో ఊరంతటికీ పెద్ద తల. వలల దగ్గర అందరూ ఉండగా అనేశాడు.

"కరోనా అందరికీ వచ్చినాది. అందరూ లేసినారు. ఈడొక్కడే తొంగున్నాడు."

ఆ మాట శివాజీ చెవిన పడింది. పడాలనే అన్నాడు కూడా.

చివరికి టెక్కలిలో ఒక కుర్ర డాక్టరమ్మ అతను చెప్పిందంతా మధ్యలో ఆపకుండా విన్నది. ఇలాంటి జబ్బు ఉందని, దీనికో పేరుందని, మందు మాత్రం లేదని చెప్పింది. ఉన్న బలాన్ని పొదుపుగా వాడుకోవాలంది. "అలిసిపోయాక ఆగడం కాదు, అలిసిపోకముందే ఆగాలి. ఒళ్ళు బాగున్న రోజున మరీ జాగ్రత్త" అంది. ఇంటికొచ్చే దారిలో శివాజీ ఆటోలో ఏడ్చాడు. మందు లేదన్నందుకు కాదు. ఉందని ఒకళ్ళు ఒప్పుకున్నందుకు.

అప్పటినుంచి పుల్ల గుచ్చడం మొదలైంది. పొద్దున తెప్ప నీడ ఊరివైపు పొడుగ్గా పడుతుంది. ఎండెక్కే కొద్దీ తెప్ప దగ్గరికి ముడుచుకుంటుంది. శివాజీ వచ్చీ రాగానే నీడలో ఒకచోట పుల్ల గుచ్చేవాడు. నీడ పుల్లని వదిలి లోపలికి జరిగిందంటే ఆ పూటకి పని సరి. చేప తోక సగంలో ఉన్నా సరే, చెయ్యి మంచి ఊపులో ఉన్నా సరే, కుంచె టర్పెంటులో ముంచి ఇంటికెళ్ళి పడుకోవాలి. వినడానికి సులువుగానే ఉంటుంది. గీత నడుస్తున్నప్పుడు ఆపడమంటే పసిపిల్లని పాలు తాగుతుండగా లాగెయ్యడమే. కొన్ని పూటలు శివాజీ పుల్లని మెల్లగా తీసి తెప్ప వైపు జరిపి గుచ్చేవాడు. ఎవరూ చూడలేదనుకునేవాడు. కానీ ఒళ్ళు చూసేది, మర్నాడు లెక్క తేల్చేది.

ఈ పద్ధతిలో పెద్ద కోనాం కుదరదు. ఆగకుండా వెయ్యవలసిన చేపని ఆగుతూ ఎలా వేస్తాడు? నిరుడు ఆ దిగులుతోనే పడుకుని ఉన్నప్పుడు ఒక సంగతి జరిగింది. మధ్యాహ్నం, సగం నిద్ర. తాటాకు చూరులోంచి వెలుగు చిన్న చిన్న ముక్కలుగా నేల మీద పడి కదులుతోంది. సముద్రం చప్పుడు వస్తూ పోతూ ఉంది. ఆ వెలుగు ముక్కలు చూస్తుండగానే కవళ్ళ చేపలయ్యాయి. చిన్న చిన్న కవళ్ళు, గుంపులు గుంపులు, అన్నీ ఒకేసారి పక్కకి తిరిగి తళుక్కుమని మళ్ళీ చీకట్లోకి పోయాయి. శివాజీ వాటి మధ్యన ఉన్నాడు. అతనికి బరువు లేదు. ఒళ్ళు బాగున్న రోజుల్లో ఇన్నేళ్ళూ ఒక్క చేపనీ ఇంత దగ్గరగా చూడలేదే అనుకున్నాడు. అప్పుడు తీరికెక్కడిది?

చిన్న చేపైతే ఒక్క ఊపిరిలో అయిపోతుంది. ఇవాళ కొన్ని, రేపు కొన్ని. ఎక్కడ ఆగినా సగంలో ఆగినట్టుండదు, అక్కడికి గుంపు అంతే అన్నట్టుంటుంది. అలా ఒక తెప్ప పొడుగునా కవళ్ళ గుంపు వేశాడు. మొదట నవ్వారు. తెప్ప నీళ్ళలో ఊగుతుంటే ఆ గుంపు కూడా ఊగి ఎటో తిరుగుతున్నట్టు కనిపించేసరికి నవ్వడం మానేశారు. ఇప్పుడు అతని పని ఇలా సాగేది: పడుకున్నప్పుడు చూడ్డం, లేచినప్పుడు వెయ్యడం. చూడ్డమే ఎక్కువసేపు. కళ్ళు మూసుకుని కదలకుండా పడుకున్నవాణ్ణి చూసి పనిచేస్తున్నాడని ఎవరనుకుంటారు? అనూరాధ ఒక్కతే అనుకునేది. ఆ సమయంలో గిన్నెలు చప్పుడు కాకుండా పెట్టేది.

ఈ ఏడు నూకయ్య కొత్త తెప్ప కొన్నాడు. తెల్లగా, ఒక్క గీత లేకుండా వచ్చి ఒడ్డున కూర్చుంది. దాని మీద తన పాత తెప్పకి ఉన్నలాంటి కోనామే కావాలన్నాడు. శివాజీ రెండు రోజులు పడుకుని ఆలోచించి ఒక మాట చెప్పాడు. ముక్కంతా కోనాం తల, దాని వెనక ఇంజను దాకా కవళ్ళ గుంపు. గుంపు పూటకి కాసిని చేపలుగా వేస్తాడు. తలని ముక్కలుగా, నీలం ఒక పూట, వెండి ఒక పూట, దవడ ఒక పూట వేస్తాడు, అతుకులు మొప్పల గీతల్లో దాచేస్తాడు. నూకయ్య గొణిగి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూనే ఒక షరతు పెట్టాడు.

"నిషేధం ఎత్తే నాటికి అవ్వాల. అవ్వలేదంటే టెక్కలిలో స్టిక్కర్ల కొట్టున్నాది. రెండు గంటల్లో అంటించేస్తాడు, ఆడు తొంగోడు."

అది ఉత్త బెదిరింపు కాదు. నూకయ్య ఏ వల కొంటే ఊరు ఆ వల కొంటుంది, ఏ ఇంజను పెడితే ఆ ఇంజనే పెడుతుంది. అతని తెప్పకి స్టిక్కరు పడిందంటే పైయేడు శివాజీని పిలిచేవాడుండడు. పిలవకపోతే పూట గడవదని కాదు, అనూరాధ ఎండుచేపలమ్మి ఇల్లు నడుపుతూనే ఉంది. పిలవకపోతే అతను నిజంగానే ఉత్త తొంగున్న మనిషి అయిపోతాడు. శివాజీకి భయమేసింది అందుకే.

మే నెలంతా గుంపు పెరిగింది. పుల్ల గుచ్చడం, కొన్ని కవళ్ళు, కుంచె కడగడం, పడక. ఎండలకి ఒడ్డు మీద గాలి నీళ్ళలా అల్లాడేది. ఇంట్లో పడుకుంటే ఆ అల్లాటలోంచి ఇంకొన్ని చేపలు ఈదుకుంటూ వచ్చేవి. ఏది ఎటు చూస్తోందో, ఏది వెనకబడిందో తీరిగ్గా చూసుకుని మర్నాటికి దాచుకునేవాడు. వెనకబడిన దాన్ని కూడా వేశాడు, ఇంజను దగ్గర ఒంటరిగా. అది తనే అని ఎవరికీ చెప్పలేదు. అన్నాళ్ళూ ఒక్క రోజు కూడా పడిపోలేదు.

జూన్ మొదట్లో ఒక రోజు మబ్బేసింది. చల్లగాలి. శివాజీ నిద్రలేచేసరికి ఒళ్ళు తేలిగ్గా ఉంది. చెయ్యెత్తి చూసుకున్నాడు, అది ఒకప్పటి చెయ్యి. అనూరాధ ఎండుచేపల తట్టతో కోటబొమ్మాళి సంతకి వెళ్ళిపోయింది. ఒడ్డుకి వచ్చి, తల ఒక్కటే మిగిలిన తెప్పని చూశాడు. ముక్కలుగా కాదు, ఆగకుండా ఒక్కసారి పాత పద్ధతిలో వేస్తేనో అనిపించింది. మబ్బు కదా, నీడే లేదు, పుల్ల దేనికని తనకి తనే చెప్పుకున్నాడు. డాక్టరమ్మ అన్న మాట గుర్తుకు రాలేదంటే అబద్ధం. వచ్చింది, పక్కన కూర్చోమన్నాడు.

పొద్దున్నంతా ఊరివైపు పక్క వేశాడు. నీలం వెండిలో కరిగింది, వెండి తెలుపులో కరిగింది. కుడి కన్ను పెట్టాడు. తన జన్మలో అంత మంచి కోనాం వెయ్యలేదని అతనికే తెలిసింది. సంతోషం ఆపుకోలేక చుట్టూ తిరిగి సముద్రంవైపు పక్కకి వచ్చి మళ్ళీ మొదలెట్టాడు. మధ్యాహ్నం దాటింది, అన్నం తినలేదు. తల అంతా అయింది, కన్ను ఉండవలసిన చోట గుండ్రంగా ఖాళీ. తెల్లరంగు డబ్బా మూత తియ్యడానికి వంగాడు. ఇసుక పైకి లేచి వచ్చి మొహానికి తగిలింది.

వలల దగ్గరి వాళ్ళు మోసుకొచ్చి ఇంట్లో పడుకోబెట్టారు. ఈసారి నాలుగు రోజుల్లో తేరుకోలేదు. వెలుతురు కళ్ళలో గుచ్చుకునేది, గుమ్మానికి దుప్పటి కట్టారు. పక్కకి తిరగాలన్నా అనూరాధ చెయ్యి కావాలి. ఆమె తిట్టలేదు, ఒక్కసారి మాత్రం "పుల్లేదీ?" అని అడిగింది. శివాజీ గోడవైపు చూశాడు. నిద్రో మెలకువో తెలియని ఆ రోజుల్లో కోనాం గదిలోకి వచ్చేది. ఒంటికన్నుతో మంచం చుట్టూ తిరిగేది, రెండో పక్క అతనికి చూపించి ఆగేది. తిరిగీ తిరిగీ అలిసిపోయేది కూడా. నా పాపమే అది, దీన్నిలా గుడ్డిదాన్ని చేసి పెట్టాను అని శివాజీ కుమిలిపోయాడు.

ఒడ్డున నూకయ్య ఇంకో రకంగా ఉడికిపోతున్నాడు. స్టిక్కరు కన్ను అంటించడానికి లేదు, కుడి కన్ను శివాజీది. చెరిపేసి రెండూ అంటిద్దామంటే ఆ కుడి కన్ను చూసినవాడెవడికీ చెయ్యి రాదు. నూకయ్యకీ రాలేదు. నిషేధం రేపటితో ఆఖరనగా అనూరాధ అన్న దగ్గరికెళ్ళింది. నలుగురూ ఉన్నప్పుడే వెళ్ళింది.

"అన్నియ్యా, ఆ మనిషి తెప్ప దగ్గరికి రాలేడు. సెయ్యి మాత్రం కాసేపు లెగుస్తాది. ఆ కాసేపూ నడకకే సరిపోతాది. మరి ఆయన తెప్ప దగ్గరికి రావాలో, తెప్పే ఆయన దగ్గరికి రావాలో నువ్వే సూసుకో" అంది.

ఆమె జవాబు కోసం ఆగలేదు.

మర్నాడు పొద్దున శివాజీకి మగతలో తెప్ప మోసేవాళ్ళ అడుగుల చప్పుడు వినిపించింది. తెప్పకి ముందూ వెనకా మోకులు కట్టి, దుంగలు భుజాలకెత్తుకుని అడుగులేస్తారు. ఆ చప్పుడు ఎప్పుడూ ఊరి నుంచి సముద్రంవైపు పోతుంది. ఇది దగ్గరవుతోంది. కల అనుకున్నాడు. కలలో సముద్రం సందులోకి వచ్చేసిందనుకున్నాడు. గుమ్మానికి కట్టిన దుప్పటి ఎవరో తీశారు. వాకిట్లో కోనాం తల, దాని వెనక సందు పొడుగునా కవళ్ళు. గురమ్మ ఆనపపాదు తొక్కేశారని అందర్నీ పేరుపేరునా తిడుతోంది. ఇది కల కాదని శివాజీకి ఆ తిట్లతో తెలిసింది.

ఎడమ పక్క ఇంటికేసి ఉండేలా తెప్పని దించారు. మంచం ఎత్తి తెప్ప నీడలోకి తెచ్చారు. నూకయ్య దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అనూరాధ డబ్బా పట్టుకుంది. శివాజీ పక్కకి ఒరిగి పడుకునే కన్ను మొదలెట్టాడు. తెలుపు నిండా పెట్టాడు. దాని చుట్టూ పసుపు గీత తిప్పాడు. ఇక మిగిలింది మధ్యలో ఒక్క నల్లచుక్క.

కుంచె నలుపులో ముంచాడు. చెయ్యి ఇంకా బాగానే ఉంది. సందు నిండా మనుషులున్నారు. రేపు తెల్లవారితే ఊరి తెప్పలన్నీ వేటకెళ్తాయి. రెండు నెలలు ఎవరూ ముట్టని సముద్రం, ఏడాది మొత్తానికి పెద్ద వేట అదే. ఒక్క చుక్క పెడితే అయిపోతుంది, నవ్విన నోళ్ళు మూతపడతాయి. ఆ రోజు మబ్బులో కూడా ఇలాగే అనిపించిందని శివాజీకి గుర్తొచ్చింది. మోచెయ్యి లోపల ఎక్కడో బరువు మెల్లగా దిగడం మొదలైంది, అతనికి తప్ప ఎవరికీ తెలియనంత మెల్లగా. కుంచె అనూరాధకి ఇచ్చేశాడు.

"ఒక్క సుక్క మిగిలినాది బావా. రేపెడతాను."

ఎవరో కిసుక్కుమన్నారు. నూకయ్య ముందుకొచ్చాడు. కన్ను చూశాడు, మంచం మీది మనిషిని చూశాడు.

"ఇప్పుడెట్టేస్తే ఏటవుతాది?" అని అడిగాడు. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న అతను అడగడం అదే మొదటిసారి.

"సుక్క బాగానే వస్తాది. నాను మళ్ళీ లెగడానికి నెల పడతాది."

నూకయ్య నల్లరంగు డబ్బా తీసుకుని, మూత పెట్టి బొటనవేలితో నొక్కాడు. మోసినవాళ్ళకేసి తిరిగి రేపు రమ్మన్నాడు. రేపు అందరూ వేటకెళ్తారు కదా, తెప్ప మోసేదెవరని ఒకడు గుర్తుచేశాడు. అయితే ఎల్లుండి రమ్మన్నాడు. అంటే మొదటి వేట నూకయ్యకి పోయినట్టే. వాళ్ళు వెళ్ళాక అతను ఇంటికి పోలేదు. ఆ తెప్ప నీడలోనే తువ్వాలు పరిచి నడుం వాల్చాడు. వేటలో ఊరంతటికీ పెద్ద తలైన నూకయ్య పట్టపగలు, అందరూ చూస్తుండగా, చెల్లెలి వాకిట్లో తొంగున్నాడు. గురమ్మ ఆ వింత చూడమని పక్కింటివాళ్ళని కూడా పిలిచింది.

తెల్లవారేసరికి ఊళ్ళో ఇంజన్ల మోత. ఒకదాని వెనక ఒకటి తెప్పలన్నీ వెళ్ళిపోయాయి. మోత సన్నగిల్లి ఆగిపోయాక ఒడ్డున ఇసుక తప్ప ఏమీ లేదు. ఊరి మధ్య సందులో మాత్రం ఒక్క తెప్ప, ఎడమ కన్ను తెల్లగా తెరుచుకుని, ఏమీ చూడకుండా ఉంది. శివాజీ రాత్రంతా నిద్రపోయాడు, కోనాం రాలేదు. అనూరాధ మంచం నీడలోకి జరిపేసరికి నూకయ్య అప్పటికే అక్కడ ఉన్నాడు. గొంతుక్కూర్చుని ఇసుకలో ఏదో చేస్తున్నాడు. లేచి చేతులు దులుపుకున్నాడు.

మంచం కోడు పక్కన నీడలో ఒక పుల్ల గుచ్చి ఉంది.

"నాను గుచ్చినాను. నువ్వు జరుపుతావని నాకు తెలుసు. ఈసారి జరిపినావంటే ఊరుకోను" అన్నాడు.

శివాజీ పుల్లకేసి చూశాడు. ఒడ్డున తను పుల్ల జరిపిన పొద్దులన్నీ, వలల దగ్గర కూర్చుని ఈ మనిషి చూస్తూనే ఉన్నాడన్నమాట. కుంచె అందుకుని నలుపులో ముంచి, తెల్లటి కంటి నడిమధ్యన చుక్క పెట్టాడు. కోనాం సందులోంచి సముద్రంకేసి చూసింది.

నీడ ఇంకా పుల్లని వదల్లేదు. శివాజీ కుంచె కింద పెట్టాడు.